గడ్డి పని అయ్యేదాకా

ఆ రోజు గడ్డి కట్టలు కట్టించెయ్యమని తొందరపెట్టింది నేనే. ఇంకొక్క రోజు ఎండనిద్దాం అంది వదిన.

వదినంటే మా ఆయన అక్క. డెబ్బై నాలుగేళ్ళ మనిషి. కోసిన గడ్డి ఎండిందో లేదో తెలుసుకోడానికి ఆమెకి ఒకటే పద్ధతి. చేలో నాలుగైదు చోట్ల అడుగు నుంచి గుప్పెడు గడ్డి లాగి, తడిబట్ట పిండినట్టు రెండు చేతులతో మెలితిప్పుతుంది. పుటుక్కున విరిగితే ఎండినట్టు. తాడులా మెలిపడితే ఇంకా పచ్చి ఉన్నట్టు. ఆ ఉదయం మెలితిప్పి నా ముఖం ముందు పెట్టి, "ఇదిగో, దీంతో దూడని కట్టెయ్యొచ్చు" అంది.

నాకు ఆమె చేతిలో గడ్డి కనపడలేదు. వెనక పడమటి దిక్కున మబ్బు కనపడింది. అరచేతంత మబ్బు. జల్లులు పడొచ్చని పొద్దుటి పేపర్లో రాశారు. 'పడొచ్చు' అని ఎవరు రాసినా నేను 'పడతాయి' అనే చదువుకుంటాను.

ట్రాక్టరాయనకి ఫోన్ చేశాను. ఈ చుట్టుపక్కల ఆయన్ని అందరూ రేపాయన అంటారు. ఏ పనికి పిలిచినా "రేపొస్తా" అంటాడు. ఆ రోజు నా గొంతులో ఏం వినిపించిందో గానీ, "ఇప్పుడే వస్తున్నా పిన్నీ" అన్నాడు. అన్నట్టే వచ్చాడు. పొద్దు వాలేలోగా నూట అరవై కట్టలు కట్టి, షెడ్డులో కప్పు దాకా పేర్చేశాం. వాన రాలేదు. మబ్బు ఎటు పోయిందో కూడా చూడలేదు నేను.

"పిలవగానే వచ్చిన పాపానికి అతన్ని తిట్టలేను. నిన్నే తిట్టాలి" అంది వదిన చేతులు కడుక్కుంటూ.

నా తొందరకి వాన భయం ఒక్కటే కారణం కాదు. మా ఆయన పోయిన ఏడాది గడ్డి సరిగ్గా కోతకొచ్చి ఉంది. నాకు కాళ్ళూ చేతులూ ఆడలేదు. అప్పటికే భర్త పోయి కూతురి దగ్గర ఉంటున్న వదిన ఒక పెట్టె పట్టుకుని వచ్చింది. "గడ్డి పని అయ్యేదాకా ఉంటాలే" అంది. గడ్డి లోపలికి చేరాక, ఆవు ఈనబోతోంది కదా అని ఆగింది. ఆ తర్వాత చలికి ప్రయాణం ఎందుకని ఆగింది. ఇంతలో మళ్ళీ గడ్డి ఎదిగింది. "సరే, ఈ గడ్డి పని కూడా అయ్యేదాకా" అంది. అలా పదకొండేళ్ళు. ఏటా కోత మొదలుపెట్టే రోజున ఆ మాట అనేది. ఏటా నా గుండెల్లో రాయి పడేది.

నన్ను వదిలి వెళ్ళిన వాళ్ళెవరూ నేను గుమ్మం దాకా వచ్చేవరకు ఆగలేదు. అమ్మ ఆగలేదు, అన్నయ్య ఆగలేదు, ఈయన సరేసరి. అందుకని వదిన విషయంలో నాకు నేనే ఒక సూత్రం పెట్టుకున్నాను. గడ్డి పని ఉన్నన్నాళ్ళు వదిన ఉంటుంది. నా మోకాళ్ళు రెండేళ్ళ కిందటే మొరాయించాయి. డాక్టరు వద్దన్నాడు. అయినా పంగలకర్ర పట్టుకుని ఎండే గడ్డి వరసలు తిరగేస్తూనే ఉన్నాను. ఒక్క ఏడు గడ్డి తడిసి పాడైతే, "ఇంకెందుకే ఈ తంటా" అని ఆమె పెట్టె సర్దుకుంటుందని నా బెంగ. ఆ బెంగతోనే పచ్చిగడ్డిని కట్టించాను.

పచ్చిగా కట్టిన గడ్డి ఊరుకోదు. లోపల్లోపలే ఉడుకుతుంది. ముదిరితే దానంతట అదే అంటుకుంటుంది. అందుకే పేర్చిన తర్వాత రోజూ మధ్యలోకి ఒక ఇనుప చువ్వ గుచ్చి, కాసేపు ఉంచి, లాగి చేత్తో పట్టుకుని చూస్తాం. నాలుగో రోజు పొద్దున్నే షెడ్డు తలుపు తీస్తే చక్కెర పాకం మాడిన వాసన వచ్చింది. చువ్వ లాగి పట్టుకుని లెక్కపెట్టాను. చెయ్యి కాలి ఐదు దగ్గర వదిలేశాను. నా చేతి మీద నాకు నమ్మకం లేక వదినని పిలిచాను.

ఆమె మూడు దగ్గరే వదిలేసింది.

"ఇదేమన్నా పందెమా, ఐదు దాకా పట్టుకున్నావు?" అని చేయి దులుపుకుంది. "ఫోన్ చెయ్యి ముందు."

రేపాయన అలవాటు కొద్దీ "రేపు..." అని మొదలుపెట్టాడు.

"రేపటికి షెడ్డు ఉండదు నాయనా" అన్నాను.

పావుగంటలో నీళ్ళ ట్యాంకు తగిలించుకుని వచ్చాడు. తనూ చువ్వ పట్టుకు చూసి, ఇంకా చెయ్యి దాటిపోలేదన్నాడు. "ఒక్కొక్కటే బయటికి లాగేద్దాం. ఎక్కడన్నా పొగ కనపడితే ఎక్కడివక్కడ వదిలేసి బయటపడాలి. పెద్దమ్మా, నువ్వు మాత్రం పైకెక్కకు" అన్నాడు.

ఆ మాట అనేసరికే వదిన మూడో వరస మీద ఉంది. "నేను కాకపోతే ఎవరెక్కుతారు? నీ పొట్టకి ఆ సందు పడుతుందా?"

ఆమె పైనుంచి దొర్లిస్తే అతను అందుకుని చేలోకి ఈడ్చేవాడు. నేను నీళ్ళ గొట్టం పట్టుకుని గుమ్మం దగ్గర నిలబడ్డాను. మధ్య వరసలకి వచ్చేసరికి కట్టలు బరువెక్కాయి. పొగాకు రంగులో ఉన్నాయి. బయట పడెయ్యగానే వాటి మీంచి ఆవిరి లేచేది. ఆవిరి లేచిన ప్రతిసారీ అది పొగేనేమో అని నేను తడిపేదాన్ని. "పిన్నీ, నన్ను తడిపావు, అది చాలు" అన్నాడు రేపాయన ఒకసారి.

ఇంతలో ఒక కట్ట జారిన చప్పుడు వినిపించింది. ఆ తర్వాత ఏ చప్పుడూ లేదు.

"వదినా" అని పిలిచాను. పలకలేదు. మళ్ళీ పిలిచాను. గొట్టం ఎక్కడ పడేశానో తెలీదు, ఏ కట్ట మీద కాలు పెట్టానో తెలీదు. పైకి చేరి చూస్తే, రెండు కట్టల మధ్య తొడ దాకా కాలు దిగబడి, కుర్చీలో కూర్చున్నట్టు కూర్చుని ఉంది వదిన.

"పలకవేం?"

ఆమె పక్కకి తిరిగి ఉమ్మింది. "నోటి నిండా దుమ్ముంటే ఎట్లా పలకను? ఇంత ఎత్తు నువ్వెట్లా ఎక్కావే?"

"తెలీదు."

"దిగడమైనా తెలుసా?"

అదీ తెలీదు. రేపాయన నిచ్చెన వేసి ముందు ఆమెని, తర్వాత నన్ను దించాడు. ఆమె కాలు గీరుకుంది, అంతే.

మధ్యాహ్నానికి షెడ్డు ఖాళీ అయింది. ఏదీ కాలలేదు. రేపాయన భోజనానికి వెళ్ళాక మేమిద్దరం గోడకి చేరగిలబడ్డాం. ఎదురుగా చేనంతా కట్టలు.

"చాలే పిల్లా" అంది వదిన. "ఇక ఈ గడ్డి పని మనం పెట్టుకోవద్దు."

నేను అన్నాళ్ళూ భయపడ్డ మాట అదే. "తప్పు నాదే వదినా. వచ్చే ఏడు నువ్వు మెలితిప్పి చూసి సరే అనేదాకా ఫోన్ ముట్టుకోను. ఒట్టు."

"నీ ఒట్టుకేం గానీ, నాకు ఓపిక లేదు. ఎండలో నిలబడి పుల్లలు మెలిపెట్టే వయసా ఇది? ఇవాళ కాలు దిగబడింది. రేపు మనిషే దిగబడొచ్చు."

లేచి లోపలికి వెళ్ళాను. వదిన గదిలో బీరువా మీద నుంచి ఆమె పెట్టె దించాను. తడిగుడ్డతో తుడిచాను. దండెం మీద ఆరిన బట్టలు తెచ్చి మడత పెట్టడం మొదలుపెట్టాను. ఎట్లాగూ వెళ్ళే మనిషి. ఈసారైనా నాకు తెలిసి వెళ్ళనీ అనుకున్నాను. ఉన్నిశాలువ అడుగున పెట్టాలా పైన పెట్టాలా అని ఆలోచిస్తుంటే వదిన వచ్చి గుమ్మంలో నిలబడింది.

"ఎవరే వెళ్ళేది?"

"నువ్వే."

"ఎక్కడికి?"

"అమ్మాయి దగ్గరికి. గడ్డి పని అయ్యేదాకానే ఉంటానన్నావు కదా. అయిపోయిందిగా."

ఆమె వచ్చి మంచం మీద కూర్చుంది. పెట్టెలో మడతలు చూసింది. "పదకొండేళ్ళ కిందటి మాట ఇంకా పట్టుకుని వేలాడుతున్నావా?"

"ఏటా అంటున్నావుగా."

"అంటున్నాను. ఎందుకంటున్నానో ఎప్పుడన్నా అడిగావా?" వదిన గొంతులో వెటకారం లేదు. "వెళ్తానంటే ఒక్కసారన్నా 'ఉండు వదినా' అంటావని. పదకొండుసార్లు అన్నాను. పదకొండుసార్లూ నువ్వు పంగలకర్ర తెచ్చి చేతికిచ్చావు. పనికోసం తప్ప నేను అక్కర్లేదేమో అనుకున్నాను. ఆడబిడ్డ అర్ధమొగుడంటారు. నువ్వేమో నన్ను అర్ధకూలీని చేశావు."

అడిగితే కాదంటుందేమో అని నేను అడగలేదు. అడగకుండా ఉంచుకోడానికి అన్నేళ్ళు ఇద్దరం ఎండలో మాడాం.

"ఉండు వదినా" అన్నాను.

"ఆలోచించి చెప్తాలే" అని శాలువ తీసి దండెం మీద వేసింది. "ముందు ఆ పెట్టె పైన పెట్టు. నడవడానికి చోటు లేదు."

అప్పుడు నాకు ఏడుపొచ్చింది. ఆమె పట్టించుకోనట్టు గీరుకున్న కాలికి మందు రాసుకుంటూ కూర్చుంది.

మర్నాడు రేపాయన పాడైన కట్టలు ఎరువుగుంటలో వెయ్యడానికి వచ్చినప్పుడు చెప్పాం. ఇక మేం గడ్డి కొయ్యం, చేను ఆవులకి వదిలేస్తాం, చలికాలానికి కావలసిన ఎండుగడ్డి నీ దగ్గరే కొనుక్కుంటాం అని.

అతను టోపీ తీసి తల గోక్కున్నాడు. "ఈ మాట ఎప్పుడంటారా అని ఐదేళ్ళుగా చూస్తున్నా పిన్నీ. మీ చేను మూలల్లో యంత్రం తిరగదు. అందుకే రేపు రేపు అనేవాణ్ణి."

"మిగతా అందరి చేలూ మూలలేనా?" అంది వదిన.

మా ఆయన కొన్న కోత యంత్రం, వరసలు తిరగేసే యంత్రం అతనే తీసుకెళ్ళాడు. ట్రాక్టరు కదులుతుంటే నేను వంటింట్లోకి వెళ్ళిపోయాను. వెళ్ళేవి చూడలేను. వదిన గుమ్మంలో నిలబడి నాకు చెబుతూ ఉంది. "గేటు దాటింది. గుంటలో ఎగిరింది. మలుపు తిరిగింది. ఇక కనపడదు, బయటికి రా." వచ్చాను. షెడ్డు పక్కన అవి ఉండే చోట చదరంగా తెల్లబారిన నేల కనపడింది. కాస్త బాధేసింది. కాస్తే.

మళ్ళీ గడ్డి నడుము దాకా ఎదిగినప్పుడు చేనుకీ ఆవుల దొడ్డికీ మధ్య ఉన్న కంచె తీసేశాం. ఆరు ఆవులూ నిలబడి మా వైపు చూశాయి. ఏటా ఆ సమయానికి వాటిని అదిలించి బయట పెట్టడమే మా పని మరి.

"వెళ్ళండమ్మా" అంది వదిన. "ఇన్నాళ్ళూ మేమిద్దరం గడ్డివామి దగ్గర కుక్కలమయ్యాం. ఇక మీ ఇష్టం."

ముసలావు ముందు అడుగు వేసింది. తర్వాత అన్నీ వెళ్ళాయి. అవి పీకి నములుతున్న చప్పుడు ఇంటి దాకా వినిపించేది. అది వింటూ మేం బట్టలు ఉతుక్కున్నాం, చిక్కుళ్ళు ఒలుచుకున్నాం. నేను పేపరు చివరి పేజీ దాకా చదివాను. వాతావరణం రాసిన చోట కళ్ళు ఆగాయి గానీ గుండె ఆగలేదు. మోకాళ్ళ నొప్పి పూర్తిగా పోలేదు, కానీ దాని గురించి ఎవరికీ అబద్ధం చెప్పాల్సిన పని లేకపోయింది.

చలి మొదలయ్యే ముందు రేపాయన బండి నిండా గడ్డి తెచ్చాడు. ఒక వరస దించి ఆగాడు. "ఎంతమట్టుకు వెయ్యమంటారు? సగం చలికాలానికి సరిపడా వేసి, మిగతాది తర్వాత చూద్దామా?"

నేను వదిన వైపు చూశాను. ఆమె నా వైపు చూడలేదు.

"చలికాలం అంతటికీ వెయ్యి" అంది. "ఆవులు ఆరు. మనుషులం ఇద్దరం, ఇద్దరమూ ఎక్కడికీ పోం. మధ్యలో ఫోన్ చేస్తే రేపంటావు, నీతో మాకు పడదు."

అతను మిగతా వరసలు దించాడు. నేను లోపలికి వెళ్ళి భోంచేసి, నడుం వాల్చాను. అంతే, నిద్ర పట్టేసింది. లేచేసరికి పాలవేళ అయింది. కొట్టంలో బిందెలో పాలధార పడుతున్న చప్పుడు, దాంతోపాటే ఏదో ఆవుని తిడుతున్న వదిన గొంతు వినిపించాయి. వెంటనే లేవబుద్ధి కాలేదు. ఇంకాసేపు అలాగే పడుకుని విన్నాను.