అక్క ఎత్తిన చోటు

ఆదివారం నిద్ర లేచినప్పటి నుంచి ఆమె నోరు విప్పలేదు. వేడినీళ్లు తాగుతావా అంటే తలూపింది, గొడుగు ఎక్కడుందంటే వేలు చూపించింది.

"ఏంటి పిన్నీ, మాటలు కూడా పొదుపేనా?" అంది అక్క కూతురు.

"గొంతు అరిగిపోతుందేమోనని."

"అమ్మయితే పొద్దున్నుంచీ నన్ను తిడుతూనే ఉండేది. ఆ తిట్లతోనే గొంతు సవరించుకునేదేమో!"

ఇద్దరూ నవ్వబోయి ఆగిపోయారు.

వాళ్ల చర్చి సంఘంలో వాయిద్యం లేదు, ఏనాడూ లేదు. ఒకరు పాట ఎత్తుతారు, మిగతావాళ్లు అందుకుంటారు. ఇరవై రెండేళ్లు ఎత్తింది అక్క. అక్క పోయి ఆరు వారాలైంది. ఆ ఆరు ఆదివారాలూ కీర్తనలు చదివారే తప్ప ఎవరూ పాడలేదు.

పోయిన వారం గడియారాలు బాగుచేసే పెద్దాయన ఆమెను గుమ్మం దగ్గర ఆపాడు. సంఘపెద్ద ఆయనే.

"చదువుకోడానికైతే ఇంట్లోనే కూర్చుని చదువుకుంటాం కదమ్మా! మా అల్లుడి కీబోర్డు తెచ్చి పక్కన పెడతా. వచ్చే వారం నువ్వు పాట నిలబెట్టావా, దాని మీద దుప్పటి తియ్యను. లేదంటే ఇక అదే దిక్కు."

"అక్క ఒప్పుకునేది కాదు బాబాయ్."

"మీ అక్కుంటే నాకీ గోలెందుకు?" అన్నాడాయన. ఆయన కళ్లు కూడా చెమ్మగిల్లాయి.

అక్కాచెల్లెళ్లిద్దరూ ఒకే బల్ల దగ్గర చొక్కాల కాలర్లు కుట్టేవారు. అక్క గుండుసూదులు పెదాల మధ్య బిగించుకునే పాట నేర్పేది. "మొదటి మాట ఎవరైనా పాడతారే. మూడో వరసలో స్వరానికి పై మెట్టుంది చూడు, ముందు లోపల్లోపలే దాని దాకా ఎక్కి రా. అందుతుందనుకుంటేనే నోరు తెరువు. కొలవకుండా గుడ్డ కత్తిరిస్తామా? పాట మధ్యలో నువ్వు ఆగావంటే అందరూ ఆగిపోతారు, తెలుసుగా." వాయిద్యం ఎందుకొద్దని అడిగితే మాత్రం సూదులన్నీ తీసి పక్కన పెట్టి చెప్పేది. "దానికి భయం తెలీదే. దేవుడి ముందుకి భయం తెలిసిన గొంతే వెళ్లాలి."

భయమే కావలసిందైతే ఆమె దగ్గర ఈరోజు కావలసినంత ఉంది.

మందిరంలో ఎడమ మూల గళ్ల దుప్పటి కప్పిన కీబోర్డు కనిపించింది. తీగ అప్పటికే గోడ ప్లగ్గుకు తగిలించి ఉంది. పల్చటి దుప్పటి లోంచి ఎర్రటి దీపం చుక్కలా వెలుగుతోంది. అంటే ఆయన ముందే సిద్ధం చేసి పెట్టాడు.

పాస్టరుగారు కీర్తన నంబరు చెప్పారు. పుస్తకాల పుటలు తిరిగాయి, సద్దుమణిగాయి. అరవై ముఖాలు ఆమె వైపే చూస్తున్నాయి. ఆ భయంలో ఆమె కొలవడం మరిచిపోయింది. చెవిలో ఉన్న అక్క గొంతును పట్టుకుని, అక్క ఎత్తిన చోటే ఎత్తేసింది.

అందరూ ఒక్కసారిగా అందుకున్నారు. ఆరు వారాల ఆకలి అది. మొదటి వరస గడిచింది. రెండో వరస చివర ఆమెకు తెలిసిపోయింది. అక్క గొంతు వేరు, తన గొంతు వేరు. పై మెట్టు ఎక్కడో ఆకాశంలో ఉంది. అయినా ఎక్కబోయింది. గొంతు గుడ్డ చిరిగినట్టు చిరిగింది.

అందరూ ఆగిపోయారు.

మూల దగ్గర కుర్చీ కిర్రుమంది. పెద్దాయన లేచాడు. రెండు అడుగులు వేశాడు. అక్క కూతురు పుస్తకంలోంచి తల ఎత్తలేదు.

"ఎత్తు ఎక్కువైంది," అంది ఆమె. తన గొంతు తనకే పరాయిగా వినిపించింది. "క్షమించండి. మళ్లీ ఎత్తుతాను."

అంతమంది ముందు ఆ మాట ఎవరూ ఎప్పుడూ అనలేదు. పెద్దాయన దుప్పటి అంచు పట్టుకుని అలాగే నిలబడిపోయాడు.

ఆమె కళ్లు మూసుకుంది. లోపల్లోపల పై మెట్టు దాకా ఎక్కింది. ఈసారి తన గొంతుతోనే ఎక్కింది. అందింది. ఒక్కొక్క మెట్టే దిగి వచ్చి, అక్కడ మొదలుపెట్టింది.

బాగా కింద ఎత్తింది. ఆడవాళ్లు తడబడ్డారు. పాట రెండో వరసకొచ్చేసరికి ఆమె వెనక బల్ల మీద నుంచి ఓ మగగొంతు బయటికొచ్చింది. అది సంఘంలోని ఓ లారీ డ్రైవరుది. ఇన్నేళ్లూ అతను పెదాలు కదపడమే చూశారు గానీ గొంతు విన్నవాళ్లు లేరు. మూడో వరస వచ్చింది. ఆమె ఎక్కింది. వణుకుతూనే ఎక్కింది. అందరూ ఎక్కారు.

పాట అయిపోయాక డ్రైవరు ముందుకు వంగి గుసగుసలాడాడు. "ఇన్నాళ్లకి నాకందే చోట పెట్టావు చెల్లెమ్మా."

ఆమెకు నవ్వు రాలేదు. పాట నిలబడింది. కానీ అందులో అక్క ఎక్కడా వినిపించలేదు. ఇక వినిపించదు కూడా. పక్కనున్న అక్క కూతురికీ అది అర్థమైనట్టుంది, పిన్ని చెయ్యి పట్టుకుంది. ఆ చెయ్యి కూడా చల్లగానే ఉంది.

పెద్దాయన దుప్పటి అంచు వదిలి కుర్చీలో కూర్చున్నాడు. ఎర్ర దీపం మాత్రం ఆర్పలేదు.

పాస్టరుగారు రెండో కీర్తన నంబరు చెప్పారు. ఆమె అరచెయ్యి గొంతు మీద పెట్టుకుని, పై మెట్టు ఎక్కడుందో చూసుకోవడానికి మళ్లీ లోపల్లోపలే ఎక్కసాగింది.