వాకిట్లో కూచున్నవాళ్ళు

గంగక్క వాకిట్లో మా అమ్మ కూచుంది, గంగక్కకు కాపలాగా. పక్కన అప్పు గ్రూపులోని మిగతా ముగ్గురు ఆడవాళ్ళు. వాళ్ళను అక్కడ కూచోబెట్టింది బ్యాంకు తరఫున వసూళ్ళకొచ్చే రాంబాబు.

"అయిదుగురు కలిసి ఏలిముద్రలేసిన్రు. ఒక్కతి కట్టకుంటే అందరికీ లోను బంద్. ఆమె కట్టేదాక లేవొద్దు" అన్నాడు, బండి దిగకుండానే.

మిరప చేనుకు తామర పురుగు పట్టి గంగక్క పెట్టుబడి మట్టిపాలైంది. ఆమెకు మిగిలినవి దుక్కిటెద్దులే. తొలకరి పడింది. రాంబాబు వెంట తల్లాడ నుంచి ఒక బేరగాడు కూడా వచ్చాడు. వచ్చీ రాగానే ఎడ్ల నోళ్ళు తెరిచి పళ్ళు చూస్తున్నాడు. బ్యాంకు మనిషికి ఎడ్ల బేరంతో ఏం పని? అడగాలనిపించింది. పెద్దవాళ్ళ మధ్య నాకు నోరు పెగలదు. గుంజ పక్కన నిలబడ్డాను.

"కాయలమ్మిన పైసలు యాడ దాసినవే?" అంది భవాని, గ్రూపులో అందరికన్నా చిన్నది.

"దాసుకున్నదాన్నయితే గీ చినిగిన కోక కట్టుకుంటనా?"

"పెట్టెల ఉన్నయని రాంబాబు చెప్పిండు."

"అవ్! నువ్వే నన్ను పోలీసులకు పట్టియ్యమన్నవని నాకు చెప్పిండు!"

ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. తర్వాత అందరూ రాంబాబు వైపు చూశారు. అతను ఫోను తీసి చెవికి పెట్టుకున్నాడు.

పొద్దెక్కింది. గంగక్క లోపలి నుంచి జావ కుండ తెచ్చింది. వాకిట్లో కూచున్న మనిషికి పోయకుండా మా గూడెంలో ఏ ఇంటివాళ్ళూ తాగరు, కూచున్నది పగవాడైనా సరే. మోదుగాకు దొప్పల్లో అందరికీ పోసి కుండ బోర్లించింది. తనకు మిగల్లేదు.

"ఏం జొన్నలే ఇవి?" అంది అమ్మ.

"యిత్తనాలకు దాసినయి. ఇంట్ల ఇంకేం లెవ్వు."

ఎవరూ దొప్ప ఎత్తలేదు. నిన్నటిదాకా ఒకరి చేలో ఒకరు కలుపు తీసిన చేతులవి. అమ్మ తన దొప్పను గంగక్క చేతిలో పెట్టి లేచింది.

"రాంబాబూ, మిల్లు సేటు బ్యాంకును ముంచిండని లోకమంత ఎరికె. ఆయన వాకిట్ల ఎవరిని కూసోబెట్టిన్రు?"

"పెద్దోళ్ళ ముచ్చట నీకెందుకమ్మా?"

"గందుకే. లెవ్వే గంగక్కా! మనం కూసునే వాకిలి ఇది గాదు."

బేరగాడి చేతిలోని పలుపు లాక్కుని ఎడ్లను బ్యాంకు వైపు తోలుకుపోయాం. గంగక్క ఖాళీ కుండను చంకన పెట్టుకుంది. దారిలో పక్క గూడేల ఆడవాళ్ళు ఎదురొచ్చారు. "మమ్మల్ని గూడ గిట్లనే కూసోబెట్టిండు" అంటూ మాతో నడిచారు. ఎడ్లను బ్యాంకు గేటుకు కట్టి, మెట్ల కింద అందరూ బాసింపట్లు వేశారు.

మేనేజరు బయటికొచ్చాడు. "ఇద్దరు లోపలికి రండి, మాట్లాడుకుందాం."

"ఇద్దరికి రెండు మాటలు చెప్పి పంపుతవు. అందరికీ ఈడనే చెప్పు సారూ" అంది అమ్మ.

"ఎడ్లు అమ్మించమని మేం చెప్పలేదు."

"మరి బేరగాడు ఎవరి మనిషి?"

మేనేజరు రాంబాబును చూశాడు. రాంబాబు నేల చూశాడు. అంతలో పోలీసు జీపు వచ్చింది.

"ఎవరు తెచ్చిన్రు వీళ్ళను?" అన్నాడు ఎస్సై.

"నేనే" అంది గంగక్క. "నేను" అంది అమ్మ. "మేమంత" అంది భవాని. ఎస్సై గంగక్కనూ అమ్మనూ జీపెక్కించాడు. జీపులోంచి అమ్మ నా వైపు ఒక్కసారి చూసింది.

"నడువున్రి, జల్దీ ఇండ్లకు పోవాలె!" కానిస్టేబులు లాఠీతో నేలను కొట్టాడు.

ఎవరూ కదల్లేదు. అమ్మ లేచిన చోటు మాత్రం ఖాళీగా ఉంది. వెళ్ళి అక్కడ కూచున్నాను.

"నువ్వెవరే?" అన్నాడు మేనేజరు.

నోరు పెగిలింది.

"మీ వాకిట్ల కూసున్నం సారూ. జావ పొయ్యున్రి."

వెనక నుంచి గంగక్క ఖాళీ కుండను ఎవరో ముందుకు దొర్లించారు.