నీలం రాని రక్తం

2003 అక్టోబరు చివర్లో ఒక మంగళవారం ఉదయం జయకుమారి గుంటూరులోని ఒక కాలేజీ ల్యాబుకు వచ్చి, తన భర్త రక్తం తిరిగి ఇమ్మని అడిగింది. భర్త దానయ్య ముందురోజు అక్కడి పెద్దాస్పత్రిలో చనిపోయాడు. దర్శి దగ్గర మిరపచేలో మందు కొడుతూ పడిపోయిన మనిషి మళ్ళీ లేవలేదు. శవం ఇంకా మార్చురీలోనే ఉంది.

ఆమె అడిగింది మాధురిని. మాధురి అక్కడ రీసెర్చి చేస్తోంది. ఆగస్టులో దానయ్య వాళ్ళ ఊరి చర్చి వరండాలో కూర్చుని, మందు కొట్టే కూలీల దగ్గర రక్తం తీసుకుంది. పురుగుమందు ఒంట్లో చేసే చెరుపును రక్తం ఏ మాత్రం తట్టుకోగలదో కొలవడం ఆమె పని.

ఆ రోజు దానయ్య చొక్కా చెయ్యి పైకి మడుస్తూ, "తీసుకోమ్మా, తీసుకో. పనైపోయాక నాది నాకిచ్చెయ్యాల" అన్నాడు. అందరూ నవ్వారు. "అలాగేనండి, మీది నాకెందుకు" అని మాధురి కూడా నవ్వింది.

"ఇస్తానన్నావంటగా. ఊరంతా విన్నారు" అంది జయకుమారి. "మట్టి చేసేటప్పుడు ఆయనతో పాటు పెడతాం. మా తమ్ముడు బయట ఆటోలో ఉన్నాడు. తొందరగా ఇవ్వమ్మా."

మాధురి ఫ్రీజరు తెరిచి సీసా తెచ్చింది. చిటికెనవేలంత సీసా. అడుగున మరక తప్ప ఏమీ లేదు.

"ఏదమ్మా రక్తం?"

"పరీక్షకు అయిపోయిందండి."

ఎలా అయిపోయిందో చెప్పింది. రక్తం మీద తేరిన నీటిని ఒక ద్రావణంలో కలుపుతారు. తట్టుకునే సత్తువ ఉంటే అది నీలం తిరుగుతుంది. దానయ్యది తిరగలేదు. తప్పు తనదేననుకుని మాధురి మళ్ళీ చేసింది. ద్రావణం కొత్తగా కలిపి ఇంకోసారి చేసింది. సీసా ఖాళీ అయ్యేదాకా చేసింది.

"ఎప్పుడు?"

"పోయిన నెలండి."

"అప్పుడే ఒక్క మాట చెప్తే మళ్ళీ మందు కొట్టడానికి పంపేదాన్నా?"

"అది ఒక్క మనిషి జబ్బు చెప్పే పరీక్ష కాదండి. అందరివీ కలిపి..."

మాధురి చెప్పింది నిజమే. కానీ ఆఖరుసారి కూడా నీలం రానప్పుడు ఆమెకు చొక్కా చెయ్యి మడిచిన దానయ్య గుర్తొచ్చాడు. దర్శి బస్సెక్కి వెళ్ళి చెబుదామా అనుకుంది. వెళ్ళలేదు.

జయకుమారి సీసాను వెలుతురులో తిప్పి చూసింది. "దీని మీద నంబరుందేంది? పేరేది? మా ఆయనదేనని ఎట్టా తెలుసుద్ది?"

మాధురి నంబరు చీటీ పీకేసింది. ప్లాస్టరు ముక్క అంటించి, దానయ్య అని రాసి ఇచ్చింది.

ఆ సాయంత్రం శవాన్ని ఊరికి తీసుకుపోయారు. మర్నాడు పొద్దున్నే మాధురి దర్శి బస్సెక్కింది. ఊళ్ళో ఆమె చూస్తుండగానే జయకుమారి సీసాను భర్త చొక్కా జేబులో పెట్టింది. తమ్ముడు ప్రభు శవపెట్టెకు మూత వేసి మేకులు కొట్టాడు.

సీసా ఖాళీగా ఉంది.