రేల చెట్టు ఎవరిది

మా అత్తగారు రంగనాయకమ్మగారు రాయపూర్ వచ్చి నలభై ఏళ్ళయినా హిందీ ఆవిడకి లొంగలేదు. ఆవిడా దానికి లొంగలేదు. 'కిస్కా' అంటే ఎవరిదని, 'కౌన్సా' అంటే ఏదని ఎన్నిసార్లు దిద్దానో చెప్పలేను. దిద్దడం నాకు సరదా కూడా, దాచడమెందుకు.

శంకర్ నగర్‌లో మా గేటు బయట ఆవిడ పెంచిన రేల చెట్టు ఉంది. మందసలో పుట్టింటి వెనక కొండ మీంచి కాయ తెచ్చి, గింజల్ని గచ్చు మీద అరగదీసి, వేణ్ణీళ్ళలో నానబెట్టి మొలిపించారు. తొమ్మిదేళ్ళయినా ఒక్క పువ్వు పూయలేదు. "పూల చెట్టన్నారు, ఉత్త గొడుగే పెంచారు అత్తయ్యా" అని ఏడిపించేదాన్ని. కొత్త కారు కొన్నాక ఆ చెట్టు కొట్టించి షెడ్డు వేసుకుంటామని కాలనీ సంఘానికి అర్జీ పెట్టింది కూడా నేనే. ఆవిడకి చెప్పలేదు. చెబితే ఒప్పుకోరని తెలుసు.

ఏప్రిల్ చివర్లో కొమ్మల నిండా ఆకుపచ్చ మొగ్గలు గుత్తులుగా వేలాడాయి. సరిగ్గా ఆ వారమే సంఘం పంపిన మేస్త్రీ ఈశ్వర్ రంపంతో వచ్చాడు. నేను ఆఫీసుకి బయలుదేరుతున్నాను. అత్తగారు చెట్టు కింద కుర్చీలో గోరుచిక్కుళ్ళు తుంచుతున్నారు.

"యే కిస్కా పేడ్ హై, అమ్మా?" అన్నాడతను.

ఏం చెట్టని అడిగాడనుకున్నారావిడ. "రేలా కా" అన్నారు నిబ్బరంగా.

అతనికి 'రేల్ కా', అంటే రైలు వాళ్ళదని వినిపించింది. చనిపోయిన మా మామగారు జోగయ్యగారు రైల్లో గార్డుగా చేశారని, మాది రైల్వే వాళ్ళ ఇల్లని వీధంతా ఎరుగును. రైల్వే చెట్టు మీద చెయ్యి వేస్తే లేనిపోని తంటా అనుకుని, రంపం గోనెలో చుట్టుకుని వెళ్ళిపోయాడు. దిద్దడానికి నోరు తెరిచాను. పైనున్న మొగ్గలు చూసి మూసేశాను.

ఈ చెట్టు మీ శాఖదేనా అని సంఘం వాళ్ళు రైల్వేకి ఉత్తరం రాశారట. ఆ సాయంత్రం ఆవిడకి అంతా చెప్పాను, నా అర్జీ సంగతి కూడా. నాకు సిగ్గుతో తల ఎత్తబుద్ధి కాలేదు.

"తొమ్మిదేళ్ళు నీళ్ళు పోసినాను. పువ్వు సూడకుండా కొట్టనిస్తానేటి? కొడితే నా నెత్తి మీదే పడాల" అన్నారావిడ.

మర్నాటి నుంచి తెల్లారగానే కుర్చీ చెట్టు కింద పడేది. పనివాళ్ళు ఇళ్ళకు వెళ్ళే వేళ దాకా కదిలేవారు కాదు. భోజనం కూడా అక్కడే. నలభై నాలుగు డిగ్రీల ఎండలో తడి తువ్వాలు నెత్తిన కప్పుకుని కూర్చున్నారు. బతిమాలాను, కసిరాను. ఆవిడ వింటేగా.

పదహారో రోజుకి చెట్టు మొత్తం విచ్చుకుంది. గుత్తులు గుత్తులుగా పసుపు, ఆకు కనబడనంత. గొడుగన్న నోటితోనే నేను నోరెళ్ళబెట్టి చూశాను. ఆ మర్నాడే ఈశ్వర్ మళ్ళీ వచ్చాడు, చెట్టు తమది కాదన్న రైల్వే కాగితంతో. కోపంగానే వచ్చాడు గానీ, చెట్టును చూసి గొంతు తగ్గించాడు. తమ ఊళ్ళో దీన్ని ధన్‌బహార్ అంటారని చెప్పాడు. అయినా అతని పని అతనిది, రంపం కింద పెట్టలేదు.

"తో ఫిర్ కిస్కా హై, అమ్మా?"

మరి ఎవరిదన్న ప్రశ్న ఈసారి ఆవిడకి సరిగ్గానే అర్థమైంది. కుర్చీలోంచి లేచి, మానుకి వీపు ఆనించి నిలబడ్డారు.

"మేరా" అన్నారు.

నా అలవాటు ఎక్కడికి పోతుంది. "మేరా కాదత్తయ్యా" అని దిద్దాను. "హమారా. మనది."

ఈశ్వర్ చేతిలోంచి కాగితం తీసుకుని, దాని వెనకే నా అర్జీ వెనక్కి తీసుకుంటున్నానని రాసి సంతకం పెట్టాను.