జహీరాబాద్‌లో నీళ్లు ఎంతకు మరుగుతాయి

శనివారం సాయంత్రం అయిదింటికి భాగీరథి సంచి నిండా అల్లం, నిమ్మకాయలు మోసుకుని ఇంట్లో అడుగుపెట్టేసరికి, భర్త మదన్‌మోహన్ స్టవ్ ముందు నిలబడి ఉన్నాడు. ఇరవై రెండేళ్ల కాపురంలో ఆయన స్టవ్ వెలిగించిన సందర్భాలు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. లెక్కపెట్టాక కూడా కొన్ని వేళ్లు మిగులుతాయి.

గిన్నెలో నీళ్లు తెర్లుతున్నాయి. అందులో రెండు ఇనుప సూదులు మునిగి ఉన్నాయి. ఒకటి నల్లది, సన్నగా, తీగలేవీ లేకుండా పెన్నులా ఉంది. ఇంకోదానికి తోకలాంటి తీగ, తీగ చివర ఎర్ర డబ్బా, ఆ డబ్బాకు జతగా చేతిలో పట్టుకునే మరో ఎర్ర డబ్బా.

"భాగీ, తేలిపోయింది! నల్లది నూటికి నూరు. ఎర్రది తొంబై ఎనిమిది కాడ్నే ఆగింది. ఫెయిల్!"

"ఫెయిలైతే ఏం చేసిన్రు?"

"వాపస్ పెట్టేసిన. ఆరింటికి వచ్చి తీస్కపోతరంట."

భాగీరథి సంచి కింద పెట్టింది. నిమ్మకాయ ఒకటి దొర్లుకుంటూ ఫ్రిజ్ కిందికి పోయింది. దాన్ని తీసే తీరిక ఇప్పుడు లేదు.

సంగతేమిటంటే, పెరట్లో ఒక డ్రమ్ము ఉంది. బీదర్ రోడ్డులో పైపుల దుకాణం నడిపే మదన్‌మోహన్ ఫోన్లో ఎవరో మాంసాన్ని గంటల తరబడి పొగలో మగ్గబెట్టడం చూసి, పాత నూనె డ్రమ్ముకు వెల్డింగ్ చేయించి, మూత, జాలీ, పొగగొట్టం పెట్టించాడు. ఊరందరి లెక్కలో అది మదన్‌మోహన్ డ్రమ్ము. నిప్పు పెట్టేది, జామ కట్టెలు ఏరేది, మసాలా పట్టించేది మాత్రం భాగీరథి. నాలుగు గోడల వంటింట్లోంచి బయటికొచ్చి ఆకాశం కింద వండే సుఖం ఆమెకు ఆ డ్రమ్ము వల్లే తెలిసింది. ఆ మాట ఆమె ఎవరికీ చెప్పలేదు. చెబితే ఆయన ముచ్చట పోతుంది, తన సుఖమూ పోతుంది.

రెండు నెలల కిందట రాయికోడ్ నుంచి మామ హరికృష్ణ వచ్చాడు. ఆయన భాగీరథి అత్త అనంతమ్మకు స్వయానా తమ్ముడు. ఆ రోజు మేక తొడ డ్రమ్ములో పెట్టి, అప్పటి చవక థర్మామీటర్‌ను ఫోనుకు కలిపి, అంతా ముందు గదిలో కూర్చున్నారు. డ్రమ్ము లోపల వేడి నూట పదిహేను అని ఫోను చూపిస్తూనే ఉంది. రెండు గంటలైనా నూట పదిహేనే. డ్రమ్ము ఎంత బుద్ధిగా మండుతోందో అని మురిసిపోయారు. తీరా చూస్తే ఎర్రరాతి గోడ అవతల సిగ్నల్ ఎప్పుడో తెగిపోయింది, ఆ ఫోను ఆఖరున చూసిన అంకెను పట్టుకుని కూర్చుంది, డ్రమ్ములో నిప్పు ఆరిపోయింది. అప్పుడు గాబరాగా వేసిన మంటకు తొడ పైన బొగ్గయింది, లోపల పచ్చిగా ఉండిపోయింది. "కొరికితె మే అన్నది" అని హరికృష్ణ మామ రాయికోడ్ అంతటా చెప్పాడు.

అనంతమ్మ తీర్పు ఇచ్చేసింది. ఈ ఆదివారం మామ మళ్లీ వస్తున్నాడు. ఈసారీ పచ్చిగా ఉంటే, మధ్యాహ్నం వీధిలోకొచ్చే పాత ఇనుప సామాన్ల బండికి డ్రమ్ము వేసేయడమే. బండాయనకు ముందే కబురు కూడా పెట్టింది.

అందుకే రెండు కొత్త థర్మామీటర్లు తెప్పించి, మంచిది ఉంచుకుని రెండోది వాపస్ చేయాలనుకున్నారు. నల్లది ఫోనుకు కలిపేది, దానికి ఆన్‌లైన్‌లో కొన్నవాళ్లు వేలమంది చుక్కలిచ్చారు. ఎర్రదానికి చుక్కలు తక్కువే గానీ, అది ఫోనును నమ్ముకోదు, దాని డబ్బా దానికుంది. సిగ్నల్ తెగితే అంకె తీసేసి గీతలు చూపించి కీచుమంటుంది. తెలియనిది తెలియదని చెప్పే వస్తువు భాగీరథికి మొదటి చూపులోనే నచ్చింది. అలాంటి మనుషులు కూడా ఆమెకు ఎక్కువమంది తగల్లేదు.

"నేను గోడ వెనకకు పోయి చూసిన, ఎర్రదాని అంకె ముందు గది దాకా వస్తది" అంది.

"అబద్ధం గోడ దాటి వస్తె ఏం లాభం? నీళ్లు నూరుకు మరుగుతయని మూడో క్లాసుల చెప్పిన్రు. ఇది తొంబై ఎనిమిదంటది."

మంచం మీద వెల్లుల్లి ఒలుస్తున్న అనంతమ్మ తల ఎత్తింది. "తొంబై ఎనిమిదంటె జరం లేనట్టే గదరా. మంచిగనే ఉన్నది."

"అమ్మా, అది మనుషుల జరం. ఇది వేరే."

భాగీరథి ఫ్రిజ్ తెరిచి ఐసు ముక్కలు తీసి, రోట్లో వేసి దంచింది. గ్లాసు నిండా దంచిన ఐసు, పైన కాసిన్ని నీళ్లు. కాలేజీలో బి.ఎస్సీ. చదివిన రోజుల్లో ల్యాబులో మొదట నేర్పింది ఇదే. సూదులు రెండూ అందులో పెట్టి కలిపింది. ఎర్రది సున్నా. నల్లది రెండు.

"చూసిన్రా? నల్లది అంతటా రెండు ఎక్కువ చూపుతున్నది."

"ఐసుతోటి మనకేం పని? మనం తొడను చల్లగ జేస్తున్నమా? మరిగే కాడ నూరు చూపిందా లేదా?"

"అది నూరు చూపింది గనుకనే తప్పు. మన ఊర్ల నీళ్లు నూరుకు మరగవు."

మదన్‌మోహన్ గిన్నెలోకి వంగి చూశాడు.

"ఏందీ? జహీరాబాద్ నీళ్లకు వేరే రూలా?"

"మన బోరు నీళ్లు భారీ నీళ్లు" అంది అనంతమ్మ, కొడుక్కు సాయంగానో కోడలికి సాయంగానో తెలియకుండా. "సబ్బు నురగే రాదు."

"బోరు సంగతి కాదత్తమ్మా. ఊరు ఎత్తుల ఉంటె నీళ్లు తొందరగ మరుగుతయి. మూడువందల మీటర్లకు ఒక డిగ్రీ తగ్గుతది."

"మన ఊరు ఎత్తుల ఉన్నదా? కొండ ఏది?" మదన్‌మోహన్ కిటికీలోంచి బయటికి చూశాడు, ఇన్నాళ్లూ ఎవరైనా కొండను దాచిపెట్టారేమో అన్నట్టు. "అట్లయితె రాసి చూపించు. ఫోన్ల చూపిస్తె నమ్మ. ఫోను మాటిని ఒక తొడ పోగొట్టుకున్న."

గోడ గడియారం అయిదుంబావు చూపిస్తోంది. ఊరి ఎత్తు రాసి ఉండే చోటు ఎక్కడా? భాగీరథి కళ్ల ముందు పసుపు పచ్చ బోర్డు మెరిసింది. పెళ్లయిన కొత్తలో పుట్టిల్లు ఖమ్మం పోవడానికి రైలు కోసం ఎదురుచూస్తూ, ఏం తోచక ఆ బోర్డు మీది ప్రతి అక్షరమూ చదివేది.

"బండి తీయిన్రి. స్టేషన్‌కు పోదాం."

"ఎవలన్న వస్తున్నరా?"

"ఎవలు రారు. బోర్డు చదివొద్దాం."

స్కూటీ మీద ఆమె వెనక కూర్చుని ఒక చేత్తో ఎర్ర డబ్బాను గుండెకు హత్తుకుంది. సందులో గేదెలు అడ్డొచ్చాయి, మదన్‌మోహన్ హారన్ కొట్టాడు, అవి పట్టించుకోలేదు. పెద్ద రోడ్డెక్కాక చెరుకు ట్రాక్టరు అడ్డొచ్చింది, దాని పక్కనుంచి దూరించాడు. ఆయన బండి ఇంత వేగంగా నడపగలడని భాగీరథికి పెళ్లయిన ఇన్నేళ్లకు తెలిసింది. స్టేషన్ ముందు దిగేసరికి ఫోను మోగింది.

"సార్, వాపస్ పార్సిల్ కొరకు వచ్చిన. మీ గేటు ముందలున్న."

"ఆరింటికన్నరు గదా భాయ్!"

"ఈ దిక్కే ఉంటి, జల్ది వచ్చిన సార్. ఇంట్ల పెద్దమ్మ చాయ్ తాగుమంటున్నది."

"తాగు! నిమ్మలంగ తాగు! రెండు కప్పులు తాగు!"

ప్లాట్‌ఫారం టికెట్లు తీసుకున్నారు. ఎక్కడికని అడిగిన పోర్టరుతో మదన్‌మోహన్ "ఇక్కడికే" అన్నాడు. ఆ చివరిదాకా పరుగులాంటి నడక నడిచారు. పసుపు బోర్డు మీద ఊరి పేరు, దాని కింద చిన్న అక్షరాల్లో సముద్ర మట్టం నుంచి ఎత్తు. ఆరువందల పైచిలుకు మీటర్లు.

మదన్‌మోహన్ వేలు పెట్టి ఒక్కొక్క అంకే చదివాడు. పెదవులు కదిలాయి. మూడువందలకు ఒకటి, ఆరువందలకు రెండు, నూట్లోంచి రెండు.

"తొంబై ఎనిమిది" అన్నాడు మెల్లగా. తర్వాత గట్టిగా, బెంచీ మీద కునుకు తీస్తున్న పెద్దాయన ఉలిక్కిపడేట్టు, "తొంబై ఎనిమిది! భాగీ, మనం ఇంత ఎత్తుల ఉన్నమా!"

ఆ ఎత్తు తానే కట్టించినంత సంబరం ఆ మొహంలో. అక్కడే నిలబడి ఫోను తీసి ఎర్రదాని వాపస్ రద్దు చేశాడు, నల్లదాన్ని వాపస్ పెట్టాడు. ఇంటికొచ్చేసరికి పార్సిల్ ఆయన రెండో కప్పులో ఉన్నాడు. ఈ రోజు లిస్టులో ఉన్నది ఎర్రదే కాబట్టి నల్లదాన్ని ముట్టుకోనని, దానికి సోమవారం వస్తానని చెప్పి, చాయ్ బాగుందని మెచ్చుకుని వెళ్లాడు.

అనంతమ్మ అంతా విని వెల్లుల్లి పొట్టు ఊదింది. "బోర్డు సంగతి ఏమోగని, రేపు తొడ ఏమంటదో చూస్త."

ఆదివారం తెల్లారి అయిదున్నరకు నిప్పు పెట్టారు. ఆరింటికి తొడ జాలీ మీదికెక్కింది. దాని మందపాటి చోట, బొక్కకు, అదే ఎముకకు, తగలకుండా భాగీరథి ఎర్రదాని సూది గుచ్చింది. ఎర్రదానితో పాటే వచ్చిన రెండో సూది జాలీకి తగిలించింది, డ్రమ్ము లోపలి వేడి చెప్పడానికి. చేతి డబ్బాను నడుముకు దోపుకుని ఇల్లంతా తిరిగింది. తాళాల గుత్తి దోపుకున్న రోజున కూడా ఆమె ఇంత ఠీవిగా నడవలేదు.

ఎనిమిదిన్నరకు హరికృష్ణ మామ దిగాడు. చెప్పులు విడుస్తూనే, "కోడలా, తొడ మల్ల మే అంటె తిననీకి ఇంట్ల పండ్లేమన్న ఉన్నయా? లేవని చెప్తె వచ్చేటప్పుడు కొనుక్కొస్తుంటి."

"ఈసారి అరటిపండు కూడ అక్కర్లే మామా" అంది ఆమె.

మామా అల్లుళ్లు ముందు గదిలో అల్లం రేటు గురించి మొదలుపెట్టారు. తొమ్మిదింటికి భాగీరథి నడుము దగ్గర కీచుమంది. ఈసారి గీతలు కావు, డ్రమ్ము వేడి తొంబైకి జారిందని హెచ్చరిక. రెండు నెలల కింద ఇదే సమయంలో ఇలాగే నిప్పు చల్లారి ఉంటుంది, ఎవరికీ తెలియలేదు. ఆమె పెరట్లోకి ఉరికి రెండు జామ మొద్దులు నిప్పుల మీదికి తోసింది. పది నిమిషాల్లో నూట పది. ముందు గదిలో అల్లం రేటు ఇంకా తేలలేదు.

అసలు పరీక్ష పదింటికి వచ్చింది. తొడ లోపలి వేడి డెబ్బై దగ్గర ఆగింది. పదిన్నరకు డెబ్బై. పదకొండుకు డెబ్బై ఒకటి.

"ఇరుక్కున్నది" అన్నాడు మదన్‌మోహన్, మొహం పాలిపోయి. "ఇది కూడ పాత దాని తీర్గనే ఇరుక్కున్నది. మూత తీసి చూస్త. కట్టెలేస్త."

"మూత తీస్తె ఊకోను." భాగీరథి పట్టుకారు వీపు వెనక దాచుకుంది. ఒంటి గంటకు భోజనం. ఒకవేళ సూదే పాడైతే? ఈ వంట చెడితే డ్రమ్ము లేదు, పొగ లేదు, పొద్దున్నే ఆకాశం కింద ఒంటరిగా నిలబడే చోటు లేదు. డబ్బా వైపు చూసింది. గీతలు లేవు, కీచుమనలేదు. మరిగే నీళ్ల గురించి ఇంటిల్లిపాదీ తప్పు పడుతున్నా ఒక్క డిగ్రీ కూడా మొహమాటానికి కలపలేదు ఇది. ఇప్పుడెందుకు అబద్ధం చెబుతుంది?

అనంతమ్మ వచ్చి డబ్బాలోకి తొంగి చూసింది. "డెబ్బయ్యా? అంటె ఒళ్లు చల్లబడ్డది. పాణం పోయింది."

"పాణం నిన్ననే పోయిందత్తమ్మా."

అనంతమ్మ పొగగొట్టం దగ్గర చెయ్యి పెట్టి చూసుకుంది. అరచేయి తడిసింది. "చెమట పడుతున్నది. చెమట పట్టినంతసేపు జరం ఎక్కదు. ఆరినంక ఎక్కుతది, చూడు."

భాగీరథి అత్త మొహంలోకి చూసింది. మాంసంలోని తడి ఆవిరై వేడిని లాగేస్తుందని తాను ఏ మాటల్లో చెప్పాలా అని చూస్తుంటే, ఈమె ఒక్క అరచేత్తో తేల్చేసింది.

"ఇన్నరా? అత్తమ్మ చెప్పింది. ఎవ్వరు ముట్టద్దు" అంది మొగుడితో. అత్త మాటను ఇంత ఆనందంగా పాటించడం ఆమెకిదే మొదటిసారి.

పదకొండున్నరకు డెబ్బై నాలుగు. మదన్‌మోహన్ గట్టిగా చదివాడు. డెబ్బై తొమ్మిది. ఎనభై ఆరు. హరికృష్ణ మామ కూడా కుర్చీ తెచ్చుకుని పెరట్లో కూర్చున్నాడు. తొంబై అన్నప్పుడు ఎందుకో చప్పట్లు కొట్టాడు. పన్నెండూ యాభైకి తొంబై అయిదు. పెట్టుకున్న అంకె అందిందని డబ్బా కీచుమంది. భాగీరథి మూత ఎత్తింది. తొడ ముదురు ఎరుపులో నిగనిగలాడుతోంది. మామ వంగి బొక్క చివర పట్టుకుని లాగాడు. బొక్క ఒక్కటే ఆయన చేతికి వచ్చింది, శుభ్రంగా, కడిగినట్టు.

ఆయన బొక్కను చూశాడు, కోడలిని చూశాడు, ఒక ముక్క తుంచి నోట్లో వేసుకున్నాడు. రాయికోడ్‌లో ఇప్పుడేం చెప్పాలో కొత్తగా అల్లుకుంటున్నట్టున్నాడు.

"ఏమంటున్నదిరా?" అడిగింది అనంతమ్మ.

"ఏమనలేదక్కా. కరిగిపోయింది."

అందరూ రెండోసారి వడ్డించుకుంటున్నప్పుడు వీధిలో పాత ఇనుప సామాన్ల బండి కేక వినిపించింది. భాగీరథి చెయ్యి ఆగిపోయింది. అనంతమ్మ విస్తరి ముందు నుంచి లేచి, ఎడమ చేత్తో కొంగు సర్దుకుని గేటు దాకా నడిచింది.

"అమ్మా, డ్రమ్మన్నరు గదా?"

"డ్రమ్ము లేదు పో. కోడలు ఆదివారం ఆదివారం వండుతది దాంట్ల." ఒక్క క్షణం ఆలోచించి, గూట్లో పడి ఉన్న పాత చవక థర్మామీటర్ తెచ్చి బండిలో వేసింది. "గిది పట్కపో. ఇది ఇన్నమాటే మల్ల మల్ల చెప్తది."

తిరిగొచ్చి కూర్చుని, విస్తరి వైపే చూస్తూ, ఎవరితోనో కానట్టు అంది: "ఖమ్మంల పప్పు జల్ది ఉడుకుతదని పెండ్లయిన కొత్తల అన్నవు. నీకు వండొస్తలేదనుకున్న. ఇన్నేండ్లు. తప్పు స్టేషన్‌దన్నట్టు."

ఖమ్మం పల్లంలో ఉన్నమాట నిజమే గానీ, రెండు డిగ్రీలకు పప్పు అంత మొరాయించదని భాగీరథికి తెలుసు. పెళ్లయిన కొత్తలో ఆమెకు నిజంగానే వంట రాదు.

"అవునత్తమ్మా" అంది వినయంగా, ఇంకో ముక్క ఆమె విస్తట్లో వేస్తూ. "స్టేషన్‌దే."