అద్దం పెట్టి వేసిన అతుకు

రాకిరాకి ఊరి చక్కెర మిల్లులో పోతయ్య ఇరవై రెండు సీజన్లు వెల్డింగు చేశాడు. అయినా ఏటా కూలీగానే సంతకం పెట్టేవాడు. పర్మినెంటు వెల్డరైతే చెరకు ఆడని ఖాళీ నెలల్లోనూ మిల్లుకే కట్టుబడి ఉండాలి. మరి తన చెరకు ఎవరు నాటుతారు? మిల్లు మూతపడ్డాక ఆ తెలివే అడ్డం తిరిగింది.

లౌటోకా పట్నంలో న్యూజీలాండ్ పనికి మనుషుల్ని పంపే ఆఫీసులో శోభన అనే పిల్ల అతని కాగితాలు తిరగేసింది.

"అన్నింట్లో కూలీ అనే ఉంది కాకా. కూలీకి ఏడు నెలలే. ఇంటావిణ్ణి తీసుకెళ్లడానికి లేదు."

"వెల్డరైతే?"

"మూడేళ్లు. ఇద్దరూ వెళ్లొచ్చు."

పోతయ్య భార్య వెంకటమ్మకి చూపు ఆనడం లేదు. పొయ్యి మీద గిన్నె తడుముకుని దింపుతోంది. ఏడు నెలలు ఆమెను ఎవరి మీద వదిలి పోతాడు?

పక్క బెంచీ మీద జై కూర్చున్నాడు. వాడికి వెల్డింగు రాడ్డు పట్టుకోవడం నేర్పింది పోతయ్యే. తర్వాత సూవాలో ఆర్నెల్లు చదివి సర్టిఫికెట్టు తెచ్చుకున్నాడు. వెల్డర్ల జాబితాలో మొదటి పేరు వాడిదే.

"కూలీగానే వచ్చెయ్ కాకా. అక్కడ కష్టమైన అతుకులన్నీ నువ్వే వేద్దువుగాని," అన్నాడు జై.

"అతుకు నాదీ, పేరు నీదీనా? బాగుందిరా నీ వరస!" అని పోతయ్య శోభన వైపు తిరిగాడు. "చేసి చూపిస్తే?"

"ప్రతి గురువారం పరీక్ష ఉంటుంది. తప్పితే ఏడాది ఆగాలి. కూలీ చోటూ వదులుకోవాలి."

"వదిలేశాను. పేరు రాయమ్మా."

ఆ గురువారం గోడకు ఆనించి బిగించిన గొట్టం అతకమని ఇచ్చారు. వెనక వైపు తల దూరదు. ముందు చేసినవాళ్ల అతుకులు అక్కడే నీళ్లు కారాయి. పోతయ్య జేబులోంచి వెంకటమ్మ బొట్టద్దం తీసి గొట్టం వెనక నిలబెట్టాడు. అద్దంలో కుడి ఎడమవుతుంది. చేతికి అలవాటే, అందులో చూస్తూ చుట్టూ అతికేశాడు.

"ఇదెక్కడ నేర్చావు?" అన్నాడు పరీక్ష పెట్టినాయన.

"బాయిలరు గొట్టాల సందులో."

నీళ్లు నింపి ఒత్తిడి పెట్టారు. ఒక్క చుక్క రాలేదు.

శోభన అతని కాగితంలో కూలీ అన్న మాట కొట్టేసి వెల్డరు అని రాసింది. పోతయ్య మాత్రం లేవలేదు.

"ఇంకేంటి కాకా?"

"మా రాకిరాకిలో నాలా వెల్డింగు చేసే కూలీలు ఇంకా పదకొండు మంది ఉన్నారు. పేర్లు చెబుతాను, రాసుకో. వచ్చే గురువారం వస్తారు. అద్దం ఇక్కడే పెట్టి పోతున్నాను."