చక్రం రసం

చిన్నతల్లి బొటనవేలిని మిగతా నాలుగు వేళ్ల పక్కనే ఆనించి హ్యాండిల్ పట్టుకుంది. పిడి చుట్టూ బొటనవేలు మెలేసి పట్టుకోకూడదు. ఇంజను ఎదురు తన్నిందంటే హ్యాండిల్ వెనక్కి తిరిగి కొడుతుంది, అడ్డున్న వేలు విరుగుతుంది. ఈ సంగతి ఆమెకు ఎవరూ గుర్తు చేయక్కర్లేదు. మొదటి ఏడాదిలోనే ఒకసారి మరిచిపోయింది. కుడి మణికట్టు ఎముక కాస్త వంకరగా అతుక్కుని చలికాలం పొద్దున పూట ఇప్పటికీ సలుపుతుంది.

ఎడమచేత్తో వాల్వు మీది చిన్న పిడిని పైకెత్తి పట్టుకుంది. అలా ఎత్తి ఉంచితే ఇంజనులో గాలి నిలవదు, చక్రం తిప్పడానికి అడ్డు తగలదు. కుడికాలు ముందుకూ ఎడమకాలు వెనక్కీ వేసి, నడుము వంచి మొదటి తిప్పు తిప్పింది. తిప్పింది అనడం కన్నా తోసింది, లాగింది, ఒళ్లంతా దాని మీద వేసింది అనాలి. ఇంజనుకు రెండు పక్కలా రెండు ఇనుప చక్రాలు, ఒక్కోటి నూరు కిలోల పైమాటే. రాత్రంతా కదలకుండా పడి ఉన్న చక్రాలు మొదట అంగుళం కదిలాయి, తర్వాత పావు చుట్టు, ఆ తర్వాత పోనీలే పాపం అన్నట్టు ఒక నిండు చుట్టు. మూడో తిప్పుకి బరువు సగమైంది. ఏడో తిప్పుకి చేయి చక్రాన్ని తిప్పుతోందో, చక్రమే చేతిని తిప్పుతోందో తెలియకుండా పోయింది. తొమ్మిదో తిప్పు దగ్గర ఎడమచేతి పిడి వదిలింది. ఇంజను ఒకసారి దగ్గింది, ఇంకోసారి దగ్గింది, తర్వాత డుగ్ డుగ్ మని అందుకుంది. ఆమె హ్యాండిల్ ఊడదీసి పక్కన పెట్టి కొంగుతో మెడ తుడుచుకుంది.

బళ్లో పిల్లలకు దీన్ని జడత్వమని చెబుతారు. ఆగి ఉన్నది ఆగే ఉంటానంటుంది, కదిలేది కదులుతూనే ఉంటానంటుంది. చిన్నతల్లి బడికి వెళ్లింది రెండేళ్లే కాబట్టి ఆ మాట ఆమెకు తెలియదు. ఆమె దాన్ని మొండితనం అంటుంది. ఆ విషయంలో ఆ ఇనుముకూ ఆమెకూ పెద్ద తేడా లేదని గానుగ దగ్గర అందరూ అనుకుంటారు, ఆమెకు వినబడేంత దగ్గరలో మాత్రం అనరు.

చోడవరం నుంచి మాడుగుల వెళ్లే రోడ్డు దిగి, చెరుకు చేల మధ్య మట్టిబాటలో కొంచెం లోపలికి వెళితే గణపతిరావు బెల్లం గానుగ. రేకుల షెడ్డులో ఒక మూల ఇంజను, దానికి పదడుగుల దూరంలో చెరుకు నలిపే మూడు రోలర్ల మర, అవతల పొయ్యి మీద పెద్ద పెనం. షెడ్డు వెనక కళ్లంలో నలుగురు ఆడవాళ్లు చెరుకు పిప్పి ఆరబోస్తుంటారు. పంతొమ్మిదేళ్ల కిందట చిన్నతల్లి కూడా వాళ్లలో ఒకతె. ఇంజను అప్పుడు ఆమె మొగుడు సత్తిబాబు చేతిలో ఉండేది. సత్తిబాబు కామెర్లతో పోయాక, పెద్దకర్మ అయిన మర్నాడే ఆమె వచ్చి హ్యాండిల్ పట్టుకుంది. ఆడదానివల్ల ఎక్కడవుతుందని నవ్వినవాళ్లు నవ్వారు. నాలుగు రోజులు ఇంజను కూడా నవ్వింది. ఐదో రోజు తిరిగింది. ఇప్పుడు ఆమె కుడి ముంజేయి ఎడమదాని కన్నా లావు. జాకెట్టు కుట్టేవాడు కుడి చేతిని అర అంగుళం వదులు పెట్టి కుడతాడు. ఆ అర అంగుళమంటే ఆమెకు చెప్పలేనంత గర్వం.

ఇంజను మనిషికి ఒక హక్కుంది. పెనం నిండిందని కేక వినబడగానే డీజిలు కట్టేస్తారు. కట్టేసినా చక్రాలు వెంటనే ఆగవు, ఉన్న ఊపు మీద ఇంకాసేపు తిరుగుతాయి. ఆ కాస్సేపట్లో, మర దగ్గర చెరుకు పెట్టే బంగార్రాజు మంచి గడలు నాలుగు ఏరి గబగబా రోలర్లలోకి తోస్తాడు. డీజిలు ఖర్చు లేకుండా వచ్చిన ఆ రసం యజమానిది కాదు, ఇంజను మనిషిది. గణపతిరావు తండ్రి హయాం నుంచీ ఇదే పద్ధతి. దాన్ని చక్రం రసం అంటారు. చిన్నతల్లి తన అల్యూమినియం చెంబుతో సగం నిలబడే తాగి, మిగతాది కళ్లంలోకి తీసుకెళ్లి ఆడవాళ్లకు పోస్తుంది. ఎండలో పిప్పి తిరగేసిన ఆ దోసిళ్లలోకి రసం వంచుతున్నప్పుడు ఆమెకు తన బతుకు మీద ఇష్టం కలుగుతుంది.

ఈ రోజు షెడ్డులో మరొకటి కూడా ఉంది. మరకు అవతలి పక్క, కొత్త సిమెంటు దిమ్మ మీద ఆకుపచ్చ రంగు కరెంటు మోటారు. గణపతిరావు రెండు రోజుల కిందటే చెప్పాడు.

"శుక్రవారం మజ్జాన్నం నుంచి మోటారే సిన్నతల్లీ. నీ కూలి ఏటీ తగ్గదు. కళ్లంలోకెళ్లి, నీడ సూసుకుని పిప్పి పని సేసుకో."

ఆమె ఊఁ అనలేదు, ఉహూఁ అనలేదు. గణపతిరావు దాన్ని ఊఁ కింద జమకట్టుకున్నాడు. పంతొమ్మిదేళ్లు చూసినా మనిషిని తెలుసుకోకపోవడమంటే ఇదే.

ఎలక్ట్రీషియను ప్రేమ్‌కుమార్ చోడవరం నుంచి బండి మీద వచ్చి పొద్దుటి నుంచీ వైర్లు లాగుతున్నాడు. చిన్నతల్లి వెళ్లి మోటారు చుట్టూ ఒకసారి తిరిగి చూసింది.

"ఏటి బాబూ, దీనికి హ్యాండిలు ఎక్కడుంటది?"

"దీనికి హ్యాండిలేటమ్మా. పచ్చ బటను నొక్కితే తిరుగుద్ది, ఎర్ర బటను నొక్కితే ఆగిపోద్ది."

"ఆపీసేక ఎంతసేపు తిరుగుద్ది?"

"ఎందుకు తిరుగుద్ది? ఆపితే ఆగాల కదా."

"అయితే రసం ఎవులికి?"

ప్రేమ్‌కుమార్‌కు ప్రశ్న అర్థం కాలేదు. స్క్రూడ్రైవరు నోట్లో పెట్టుకుని ఆమె వంక చూశాడు. ఆమె విడమరిచి చెప్పకుండా ఇంజను దగ్గరకు వచ్చేసింది.

పదకొండున్నరకు రెండో పెనం నిండింది. ఆమె డీజిలు కట్టింది, బంగార్రాజు నాలుగు గడలు తోశాడు. ఎప్పటిలా చెంబు పట్టుకుని కళ్లంలోకి వెళ్లింది. రేవతి అనే పడుచుపిల్ల దోసిలి తుడుచుకుంటూ, తన పక్కన పిప్పి పక్కకు జరిపి కాస్త చోటు చేసింది.

"మజ్జాన్నం నించి నువ్వూ మా కాడే గదా అప్పా. ఇక్కడ నీడుంటది."

పాపం, సొంత అక్కను పిలిచినట్టు ప్రేమగానే అంది. ఆ ప్రేమకే చిన్నతల్లికి ఒళ్లు మండింది. చెంబులో మిగిలినదంతా గబగబా వాళ్ల దోసిళ్లలోకి వంచేసి తిరిగి వచ్చింది.

భోజనాలయ్యాక మోటారుకు పసుపు రాసి బొట్టు పెట్టి కొబ్బరికాయ కొట్టారు. బంగార్రాజు ఇంజను బెల్టు ఊడదీసి చుట్టి పక్కన పడేశాడు. చిన్నతల్లి ఇంజను కింది సిమెంటు దిమ్మ అంచు మీద కూర్చుంది, కాళ్లు బారజాపి. గణపతిరావు రెండుసార్లు చూసి ఊరుకున్నాడు, మూడోసారి దగ్గరకు వచ్చాడు.

"ఇంకా ఇక్కడే ఉన్నావేటి? కళ్లంలోకెల్లు."

"ఎల్లను బాబూ."

"ఎల్లక ఏటి సేస్తావు?"

"కూకుంటాను."

"ఎంతసేపు కూకుంటావు?"

"ఈ ఇంజను తీయించినపుడు నన్నూ తీయించండి. రెండూ ఒకే బండిలో పట్టేస్తాయి."

బంగార్రాజు నవ్వు ఆపుకోవడానికి చెరుకుల మీదికి వంగాడు. గణపతిరావు చెడ్డవాడు కాడు. డీజిలు ధర మండిపోతోంది, చుట్టుపక్కల గానుగలన్నీ ఎప్పుడో మోటార్లకు మారిపోయాయి, తనే ఆఖరు. ఆడమనిషితో వాదన ఎందుకులే అనుకుని వెళ్లి పచ్చ బటను నొక్కాడు.

మోటారు తిరిగింది. పొగ లేదు, అదురు లేదు, పక్కవాడి మాట వినిపిస్తోంది. చిన్నతల్లి ఒప్పుకోవలసినంత ఒప్పుకుంది. పని బాగుంది. బాగుండబట్టే ఆమెకు ఏడుపొచ్చింది, రానివ్వలేదు. కదలకుండా కూర్చుంది.

గంటన్నరకు పెనం నిండింది. పెనం దగ్గర బెల్లం వండేవాడు కేకేశాడు. గణపతిరావు ఎర్ర బటను నొక్కాడు. సరిగ్గా అప్పుడే బంగార్రాజు చేతులు, ఎవరూ చెప్పకుండానే, పక్కనున్న కుప్పలోంచి మంచి గడలు నాలుగు ఏరి ఒక్కసారిగా రోలర్లలోకి తోసేశాయి. కేక వినబడితే అతని చేతులు చేసే పని ఇన్నేళ్లుగా అదే. ఊపు మీదుండే చక్రాలైతే వాటిని మింగేసేవి. మోటారు మాత్రం చెప్పినట్టు ఆగిపోయింది. నాలుగు గడలూ సగం లోపల, సగం బయట బిగుసుకుపోయాయి.

పచ్చ బటను నొక్కారు. మోటారు మూలిగింది, స్టార్టరు టక్కుమని కట్టయిపోయింది. మళ్లీ నొక్కారు, మళ్లీ అదే. ప్రేమ్‌కుమార్ వైర్లు అటూ ఇటూ మార్చి వెనక్కి తిప్పబోయాడు. అంగుళం కూడా కదలలేదు. బంగార్రాజు గునపం పెట్టి పొడిచాడు. బయటి ముక్కలు ఊడి వచ్చాయి గాని లోపలివి ఇంకా బిగిశాయి. నాలుగోసారి బటను నొక్కితే కాలిన వాసన వచ్చింది.

"ఆపీండి సార్. అంత లోడు మీద ఆగినకాడ్నించి లెగమంటే వైండింగు మాడిపోద్ది," అన్నాడు ప్రేమ్‌కుమార్.

"నాలుగు గడలే గదేటి."

"కదిలేటప్పుడైతే నలభైయైనా లాగుద్ది. ఆగిపోనాక నాలుగే బరువు."

షెడ్డు బయట రెండు ట్రాక్టర్ల చెరుకు నరికి పడేసి ఉంది. ఇంకో రోజు ఉంటే పులుస్తుంది. గణపతిరావు చేతులు నడుము మీద పెట్టుకుని కాసేపు మరను చూశాడు, కాసేపు చెరుకును చూశాడు. చివరకు ఇంజను దగ్గరకు వచ్చి నిలబడ్డాడు.

"సిన్నతల్లీ," అన్నాడు.

ఆమె అతన్ని ఇంకాసేపు నిలబెట్టింది. తర్వాత లేచింది.

"బెల్టు ఎక్కించు బంగార్రాజూ. ఖాళీ కప్పీ మీద ఎక్కించు."

మరకు రెండు కప్పీలున్నాయి. ఒకటి రోలర్లతో కలిసి తిరుగుతుంది, పక్కది ఏ పనీ లేకుండా ఒట్టినే తిరుగుతుంది. బెల్టు మొదట ఒట్టిదాని మీద ఉంచి, ఇంజను బాగా పరుగందుకున్నాక కర్రతో రెండోదాని మీదికి జరపాలి.

"ముందు పరుగు రావాల. తరవాత బరువెయ్యాల," అంది ప్రేమ్‌కుమార్‌తో, చెప్పి తీరాలన్నట్టు.

హ్యాండిల్ తగిలించింది. కళ్లంలో ఆడవాళ్లు వచ్చి షెడ్డు అంచున నిలబడ్డారు. ఐదో తిప్పు దగ్గర చెమటకు ఎడమచేతి పిడి జారింది. ఇంజను ఎదురు తన్నింది. హ్యాండిల్ ఆమె అరచేతిలోంచి ఊడి వెనక్కి కొట్టి కింద పడింది. గణపతిరావు ఒక అడుగు ముందుకు వేశాడు. ఆమె అతని వంక చూడకుండా బొటనవేలు ఒకసారి ఆడించి చూసుకుంది. బాగానే ఉంది. చేయి మట్టికి రుద్దుకుని హ్యాండిల్ తీసి మళ్లీ మొదటి తిప్పు నుంచి మొదలుపెట్టింది. ఈసారి పదకొండు తిప్పులు పట్టింది. ఇంజను అందుకుంది.

చక్రాల ఆకులు కనబడకుండా పోయేదాకా ఆమె ఆగింది. అప్పుడు కర్ర తీసుకుని బెల్టును పక్కకు నెట్టింది. బెల్టు కీచుమంది. చక్రాలు ఒక్క క్షణం తడబడ్డాయి, ఇంజను గొంతు బొంగురుపోయింది. మరుక్షణం ఫట్ ఫట్ మని గడలు విరిగిన చప్పుడు. రోలర్లు తిరిగాయి. నలిగిన పిప్పి అవతలి పక్క జలజలా పడింది. కళ్లం ఆడవాళ్లలో ఎవరో అమ్మయ్య అన్నారు.

గణపతిరావు మొహం తేటపడింది. "ఇంజను తీయించనులే. ఉండనీ. ఇలాగ ఇరుక్కున్నపుడు, కరెంటు పోయినపుడు కేకేస్తాను, వచ్చి తిప్పుదువుగాని. మిగతాప్పుడు కళ్లంలో ఉండు."

నిజంగానే ఆమెకు మేలు చేస్తున్నానని అనుకున్నాడు. చిన్నతల్లి డీజిలు కట్టేసింది. బంగార్రాజు ఈసారి సరైన వేళకే నాలుగు గడలు తోశాడు. గణపతిరావు తన క్యారేజీ దగ్గరున్న స్టీలు గ్లాసు తెచ్చి, ఆ రసం కింద స్వయంగా పట్టి నింపాడు. ఇంటి గ్లాసు అక్కడ ఎవరికీ ఏనాడూ ఇవ్వలేదు. ఆమె ముందుకు చాపాడు.

"తీసుకో. నీది."

"అది ఇంజను మనిషిది బాబూ. ఆ మనిషి మజ్జాన్నమే ఎల్లిపోనాది."

"మరి ఇప్పుడు తిప్పిందెవరేటి?"

"మీరు అడిగేరని వచ్చిన మనిషి."

చెంబు తీసి చంకలో పెట్టుకుంది. చెప్పులు వెతుక్కుంది.

"ఎక్కడికెల్తావు ఇప్పుడు?"

"అల్లంత దూరం సీడికాడ రోడ్డు గానుగల్లో ఇంకా రెండింజన్లు తిరగతన్నాయట. తిప్పనిస్తే తిప్పుతాను."

"తిప్పనివ్వకపోతే?"

"అక్కడా కూకుంటాను."

కొంగు నడుముకు బిగించి షెడ్డు దాటింది. బంగార్రాజు అప్పా అని ఒకసారి పిలిచాడు. ఆమె చేయి ఊపింది గాని తిరగలేదు. రేవతి కళ్లం అంచు దాకా వెంట వెళ్లి ఆగిపోయింది. చెరుకు చేల మధ్య మట్టిబాటలో ఆమె నడక మొదట కాస్త కుంటింది, తర్వాత సాఫీ అయింది. మలుపు దగ్గర చెరుకు ఆకులు అడ్డొచ్చి కనబడకుండా పోయింది.

ఇంజను చక్రాలు ఆగిపోయాయి. గణపతిరావు గ్లాసు పట్టుకుని అలాగే నిలబడ్డాడు. తాగడానికి అతనికి మనసొప్పలేదు, పారబోయడానికీ ఒప్పలేదు. ఆమె మధ్యాహ్నమంతా కూర్చున్న దిమ్మ అంచు మీద దాన్ని పెట్టి మోటారు వైపు వెళ్లాడు. గ్లాసు అంచుదాకా నిండుగా ఉంది, పైన నురగ ఇంకా దిగలేదు.